ఏడుగురి చేవ్రాళ్లు

పదిమంది కలిసి ప్రతిఫలము కోరక చేయు పనికి ప్రభుత్వపు పుస్తకములలో నొక పేరు, ఒక సంఖ్య యుండవలెనా, వలదా? ఈ ప్రశ్న మన దేశమునకు క్రొత్తది కాదు. గ్రంథాలయములు పెట్టినవారును, రాత్రి పాఠశాలలు నడపినవారును, అనాథశరణాలయములు కట్టినవారును దీనిని ఎదుర్కొన్నవారే. నిరుడు మాకును ఇది యెదురయ్యెను. మేము కట్టినది భవనము కాదు. చేతితో ముట్టఁదగిన వస్తువే కాదు. అయినను దానిని గుఱించి తొమ్మిదిమందిమి నాలుగు నెలలు వాదించుకొంటిమి. ఆ వాదము మా గుంపునకు మాత్రమే చెందినది కాదని తోఁచుటచే నిచ్చట వ్రాయుచున్నాము.

కంప్యూటరులో తెలుగు వ్రాయువారికి అక్షరదోషములను పట్టి చూపు సాధనమును చేయుట మా పని. అది స్వేచ్ఛా సాఫ్టువేరు. స్వేచ్ఛా సాఫ్టువేరనఁగా వెలలేనిదని మాత్రమే యర్థము కాదు. దానిని ఎవ్వరైనను వాడుకొనవచ్చును; లోపలి కోడును చదువవచ్చును; తమ యవసరమునకు తగినట్లు మార్చుకొని, మార్చినదానిని పదుగురికి పంచవచ్చును. ఆంగ్లమునకు మంచి పదపట్టిక యొకటి యున్న ఇట్టి సాధనము చాలవఱకు పని చేయును. తెలుగున నట్లు కాదు. ‘ఇల్లు’ అను నొక్క మాటయే ఇంటిని, ఇంటికి, ఇంట్లో, ఇండ్లలో, ఇంటివారికి, ఇంటికేగదా యని యెన్ని రూపములనో పొందును. ఇన్నింటిని పట్టికలో వ్రాసిపెట్టుట యెవరి తరము? హంగరీ భాషయు మన భాషవలె ప్రత్యయములను వరుసగా తగిలించుకొను భాష యగుటచే, ఆ దేశస్థుఁడగు లాస్లో నేమెత్ తన భాషకొఱకు చేసిన హన్‌స్పెల్ అను ప్రోగ్రాము మాకు ఆధారమైనది. నేఁడు లిబ్రె ఆఫీసును, ఫైర్‌ఫాక్సును వాడుచున్నది దానినే. ఎక్కడి బుడాపెస్టు, ఎక్కడి తెనాలి! ఆయన తాళము వేసి దాఁచుకొనియుండినయెడల మా పని మొదలయ్యెడిదే కాదు.

మా తొమ్మిదిమందిలో ప్రోగ్రాము వ్రాయువారు నలుగురు. ఇద్దఱము హైదరాబాదులో నున్నాము; ఒకరు బెంగుళూరులో, ఒకరు అమెరికాలోని డాలసులో. తక్కిన యైదుగురు మాటలను పరిశీలించువారు. తెనాలిలో ఉద్యోగవిరమణ చేసిన తెలుగు పండితులొకరు. వీరిని అందఱము మాస్టారని పిలుతుము. పాఠశాలలలో తెలుగు చెప్పు ఉపాధ్యాయినులు ఇద్దఱు. విజయవాడ ముద్రణాలయమున డీ.టీ.పీ. చేయు యువకుఁడొకఁడు. ఖమ్మములో ఇంటనుండియే ప్రూఫులు దిద్దు గృహిణి యొకరు. ఎనిమిది సంవత్సరములుగా పని జరుగుచున్నది. ఎవ్వరికిని జీతము లేదు. అధ్యక్షుఁడు లేఁడు, కార్యదర్శి లేఁడు, చందా పుస్తకము లేదు. అందఱము ఒక్కచోట కూడినదియు లేదు.

ఇట్లు హాయిగా జరుగుచున్నదానికి సంఘమేల యని యడుగవచ్చును. ఆ ప్రశ్నను మా ముందు పెట్టినవి రెండు సంగతులు.

మా సాధనము దొరకు చిరునామా, అనఁగా డొమెయిన్ పేరు, మొదటినుండియు హైదరాబాదు మిత్రుని పేరిట నున్నది. సర్వరు అద్దె యతని కార్డునుండియే పోవును. తాళపుచెవులవంటి పాస్‌వర్డులును అతనియొద్దనే. ఆ మిత్రుఁడు నిరుడు శ్రావణమాసమున జ్వరముతో పదునెనిమిది దినములు ఆసుపత్రిలో నుండెను. డొమెయిన్ గడువు ఆ దినములలోనే ముగియవలసి యుండెను. అతని భార్య రోగి తలాపున కూర్చుండి, ఫోనునకు వచ్చిన సంఖ్యను మాకు చదివి చెప్పఁగా రుసుము చెల్లించితిమి. అది దేనికి చెల్లించు రుసుమో ఆ యిల్లాలికి తెలియదు. అడుగు నోపికయు ఆ క్షణమున ఆమెకు లేదు. గడువునకు రెండు దినములు మిగిలియుండెను.

రెండవది ధనము. పాఠ్యపుస్తకములు ప్రచురించు సంస్థ యొకటి మా సాధనమును వాడి సంతసించి, రెండు లక్షల రూపాయలు ఇచ్చెదమని వ్రాసెను. చెక్కు ఎవరి పేర వ్రాయవలెనని యడిగెను. ఏమని చెప్పుదుము? ఒకరి పేర వ్రాసిన అది యతని యాదాయముగా కనఁబడును. పన్నునకు జవాబు చెప్పవలసినవాఁడును, రేపు ఎవరైన లెక్క యడిగిన తలవంచుకొని నిలువవలసినవాఁడును అతఁడే. గుంపు పేర ఖాతా తెఱువవచ్చునేమోయని ఒక బ్యాంకునకు పోతిమి. అచ్చటి యధికారి మర్యాదగానే కూర్చుండఁబెట్టి, “మీరెవరండీ?” అని యడిగెను. మా పేర్లు చెప్పితిమి. “మీ పేర్లు కాదండీ, మీ సంస్థ పేరు?” అనెను.

సంఘమును రిజిస్టరు చేయుదమన్న ప్రస్తావన వచ్చినప్పుడు మొదట గట్టిగా ప్రతిఘటించినవారు మాస్టారు. వారు యౌవనమున నొక పల్లె గ్రంథాలయసంఘములో పనిచేసినవారు. పుస్తకములు రెండు బీరువాలకు మించనంతకాలము అచ్చట తగవు లేదఁట. ఎవరో దాత స్థలమిచ్చిన పిమ్మట రెండు పక్షము లేర్పడి, ఇద్దఱు కార్యదర్శులు ఒకే తలుపునకు రెండు తాళములు వేసిరఁట; వ్యాజ్యము తేలునప్పటికి పుస్తకములన్నింటిని చెదలు చదివి ముగించినవఁట. “సంఘం పెట్టడం తేలిక బాబూ, ఎన్నికల రోజున చూడాలి దాని ముఖం” అని వారు ఫోనులో నవ్విరి. పట్టుకొనుటకు ఏమియు లేనిచోటికి పట్టుకొనువాఁడు రాఁడని వారి వాదము.

ఈ మాటను తోసివేయుట సులభము కాదు. మంచి పనికై పుట్టి, పిదప తన్ను తాను పోషించుకొనుటయే పనిగా పెట్టుకొన్న సంఘములు మన ప్రతి పట్టణమునను కలవు. వాని వార్షికోత్సవములకు పోయి దండలు మోసినవారము మేమును. అయితే మాస్టారి కథలో గమనింపఁదగిన సంగతి యొకటి కలదు. తగవు రిజిస్ట్రేషనువలన పుట్టలేదు, స్థలమువలన పుట్టినది. స్థలము ఎవరిదో, ఎవరు ఎట్లు నిర్ణయించవలెనో ముందుగా వ్రాసికొననందువలన పెరిగినది. మాకును స్థలమువంటిది అప్పటికే యున్నది. ఎనిమిదేండ్లుగా వాడువారు ఎఱిఁగిన పేరొకటి స్థలము కాక మఱేమి?

ఇతర దేశములలో ఇట్టివారు ఏమి చేసిరో చూచితిమి. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అను గొప్ప సాఫ్టువేరు సంకలనమును నేఁటికిని స్వచ్ఛంద కార్యకర్తలే నడపుచున్నారు. డెబియన్ స్వయముగా రిజిస్టరు కాలేదు. దాని ధనమును, పేరును కాపాడుటకై 1997లో న్యూయార్కు రాష్ట్రమున లాభాపేక్షలేని సంస్థ నొకదానిని వేఱుగా స్థాపించిరి. పిమ్మట పోస్ట్‌గ్రెస్ మొదలగు ఇతరుల పనులును ఆ గొడుగు క్రిందికి వచ్చినవి. జర్మనీలో 1996లో మథియాస్ ఎట్రిష్ అను విద్యార్థి మొదలుపెట్టిన కె.డి.ఇ.వారు మఱుసటి సంవత్సరమే తమ సంఘమును రిజిస్టరు చేసికొనిరి. అయితే వారు చేసిన యేర్పాటు మాకు మిక్కిలి నచ్చినది. ఆ సంఘము ధనమును చూచును, పేరును కాచును, సభలకు ఖర్చు పెట్టును. ఏ కోడు ఉండవలె, ఏది పోవలె నను విషయమున మాత్రము జోక్యము చేసికొనదు. ఆ నిర్ణయము పని చేయువారిదే. జర్మను చట్టమును సంఘమునకు ఏడుగురు సభ్యులను కోరును. మన చట్టమును ఏడుగురినే కోరును. ఆ దేశమువారికిని మన వారికిని ఏడు సంఖ్యపై ఈ గౌరవ మేలనో!

రిజిస్టరు చేసినంతనే ధనము వచ్చి పడునని తలంచువారు 2014 నాటి సంగతి నెఱుఁగవలెను. లోకమునందలి బ్యాంకులును, వర్తకులును తమ రహస్యములను కాపాడుకొనుటకు నమ్మిన ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను ప్రోగ్రాములో ఆ సంవత్సరము ఏప్రిలు నెలలో ‘హార్ట్‌బ్లీడ్’ అను పెద్ద దోషము బయటపడెను. ఇంతటి యాధారమునకు సంవత్సరమునకు వచ్చుచుండిన విరాళములు సుమారు 2000 డాలర్లు మాత్రమే యని అప్పుడు లోకము తెలిసికొనెను. దానికిని రిజిస్టరైన సంస్థ యుండెను! కాగితము చెక్కును తీసికొనఁగలదు గాని, చెక్కు వ్రాయు బుద్ధిని ఎవ్వరికిని పుట్టింపలేదు. ఆ సంవత్సరమే అమెరికాలో యోర్బా యను చిన్న సంస్థకు, నాలుగున్నర సంవత్సరములు వేచిన పిమ్మట, ధర్మసంస్థగా పన్ను మినహాయింపు నిరాకరింపఁబడెను. మీ సాఫ్టువేరును ఎవ్వరైనను దేనికైనను వాడుకొనవచ్చును గదా, ఇది ధర్మమెట్లగునని పన్నుశాఖవారి శంక. చలివేంద్రము పెట్టినవానిని, దొంగయు నీరు త్రాగును గదా యని యడిగినట్లున్నది.

2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌.జెడ్. వ్యవహారము మఱింత భయంకరము. లెక్కలేనన్ని కంప్యూటర్లలో నుండు ఆ చిన్న సాధనమును ఏండ్లతరబడి ఒక్కఁడే పోషించుచు అలసిపోయెను. సాయము చేసెదనని మాఱుపేరుతో వచ్చినవాఁ డొకఁడు రెండేండ్లకు పైగా నమ్మకముగా పనిచేసి, తాళములు చేతికి వచ్చిన పిమ్మట దొడ్డిదారి నొకదానిని లోపల అమర్చెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన కంప్యూటరులో ఒక పని అర సెకను ఆలస్యమగుటను గమనించి, కారణమును వెదకి, ఆ మోసమును పట్టుకొనెను. సంఘమున్న ఇది జరుగదని మేమనము. ఒంటరివాని యలసట యెంత ప్రమాదకరమో ఇది చెప్పుచున్నది, అంతియే.

ఇంత దూరము పోనక్కఱలేదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొని మూఁడు సంపుటములు వెలువరించిరి. 1923లో వారు పోవుటతో ఆ పని నిలిచిపోయెను. పిమ్మట కాశీనాథుని నాగేశ్వరరావుగారు దానిని మరల చేపట్టిరి. 1938లో వారును పోయిరి. లక్ష్మణరావుగారు తలపెట్టిన రూపమున ఆ మహాకార్యము పూర్తికాలేదు. వీరేశలింగము పంతులుగారు 1906లో రాజమహేంద్రవరమున హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యాస్తిని దానికి ధారవోసిరి. 1919లో వారు గతించిన పిమ్మటను ఆ సమాజపు విద్యాసంస్థలు నడచినవి. వ్యక్తి గొప్పతనమున ఇద్దఱిలో నెవ్వరిని తక్కువ చేయఁగలము? ఒకచోట పని మనిషితో ముడిపడియుండెను. ఒకచోట మనిషి బ్రతికియుండఁగానే ఆ ముడిని విప్పిపోయెను.

మా గుంపునకు సంఘము లేదనుటయు నిజము కాదని మాకు తోఁచెను. సంఘమున్నది, దానిలో సభ్యుఁ డొక్కఁడే. డొమెయిను, సర్వరు, తాళములు అన్నియు నతనివే. అతఁడు మంచివాఁడగుటయే మాకున్న రాజ్యాంగము. జ్వరము వచ్చిన దినమున ఆ రాజ్యాంగము నూట మూఁడు డిగ్రీలతో ఒడలెఱుఁగక పడియుండెను.

ఇఁక చట్టపు సంగతి. ఆంధ్రప్రదేశ్ సంఘముల రిజిస్ట్రేషను చట్టము, 2001, ఏడుగురు చేవ్రాలు చేయవలెనని కోరును. ఉద్దేశములను, నియమావళిని ముందుగా వ్రాసి యిమ్మనును. ఏటేట సర్వసభ్యసమావేశము జరుపవలెను. కార్యవర్గపు పట్టికను రిజిస్ట్రారునకు పంపవలెను. ఇవి మోయలేని బరువులు కావు. ధనము విదేశమునుండి వచ్చునప్పుడు మాత్రము త్రోవ ఇఱుకగును. 2010 నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టమునకు 2020లో చేసిన సవరణ ప్రకారము, అట్టి ధనము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధానశాఖలో తెఱచిన ఖాతాకే రావలెను; దానికి ముందే కేంద్రప్రభుత్వపు అనుమతియు కావలెను. భారత పౌరసత్వము నిలుపుకొన్నవాఁడు పరదేశమున సంపాదించి బ్యాంకుద్వారా పంపునది విదేశీ విరాళము కాదు. ఆ దేశపు పౌరుఁడైనవాఁడు పంపునది, వాఁడు గుంటూరులో పుట్టినను, విదేశీ విరాళమే. మా డాలసు మిత్రుఁడు అమెరికా పౌరుఁడై మూఁడేండ్లయినది. అతనియొద్ద ధనము పుచ్చుకొనమనియు, సంఘపు పత్రమున అతని పేరును చేర్చమనియు చెప్పితిమి. “డబ్బు వద్దన్నారు సరే, పని మాత్రం వద్దనకండి” అని యతఁడనెను.

హక్కుల విషయము త్వరగా తేలినది. మన కాపీరైటు చట్టము కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతిగా లెక్కించును. (ఇది విని మా కుఱ్ఱవారు, తామును మాస్టారితో సమానముగా గ్రంథకర్తలమైతిమని పొంగిపోయిరి.) హక్కును సంఘమునకు బదలాయింపవలెనన్న అది వ్రాతమూలముగా నుండవలెను, గడువు చెప్పనియెడల అయిదేండ్లకే పరిమితమగును. ఎవరు చేసినదానిపై వారి హక్కు వారికే యుండనిచ్చి, అందఱును ఒకే స్వేచ్ఛా లైసెన్సు క్రింద లోకమునకు ఇచ్చుటయే మేలని నిశ్చయించితిమి. సంఘము రేపు చెడినను, దానిచేత అమ్ముకొనఁదగినది ఏమియు నుండదు.

అసలు తగవు వచ్చినది ఆ ఏడుగురు ఎవరను దగ్గఱ. బెంగుళూరు మిత్రుఁడు సులభోపాయమును చెప్పెను. ప్రోగ్రాము వ్రాయువారిలో ముగ్గురము, మాస్టారు, తక్కిన ముగ్గురు మా చుట్టములు. మాటలు చూచు స్త్రీలను, విజయవాడ యువకుని గౌరవసభ్యులుగా వ్రాసికొందము. వారిని కాగితములకై త్రిప్పుట యెందుకు? “మా బావమరిది సంతకం పెడతాడు, ఏమీ అడగడు” అని యతని భరోసా. ఏమియు నడుగకుండుటయే ఆ సభ్యుని యర్హత! మన దేశమున సంఘములు ఎట్లు చెడునో తెలిసికొనుటకు మాస్టారి గ్రంథాలయము వఱకు పోనక్కఱలేదు. ఈ యొక్క వాక్యము చాలును. ఇట్టి సభ్యులతో పుట్టిన సంఘము పుట్టిననాఁడే యబద్ధమాడినది.

అంతకంటె పెద్ద సంగతి మఱొకటి కలదు. అక్షరదోషమును చూపు సాధనము చేయునది యేమి? ఒక మాట క్రింద ఎఱ్ఱ గీఁత గీయును; ఇది తప్పనును. ‘చేస్తున్నడు’, ‘వస్తున్నరు’ అను మాటల క్రింద ఎఱ్ఱ గీఁత పడవలెనా? నల్లగొండ ఉపాధ్యాయిని దీనిని గుఱించి మాతో ఆఱు నెలలు పోరాడిరి. తన తరగతిలోని పిల్లవాఁడు తల్లి మాట్లాడు మాటను వ్రాయఁగా యంత్రము దానిని తప్పనిన, వాఁడు మాటను గాక తల్లినే తప్పనుకొనునని వారనిరి. పుస్తకభాషకు హద్దుండవలెనని మాస్టారు వాదించిరి. చివరకు ఆ రూపముల కన్నింటికి వేఱొక పట్టిక నేర్పఱచి, వాడువారు కోరినదానిని ఎంచుకొనునట్లు చేసితిమి. ఆ పట్టికను కూర్చినవారు ఆ ఉపాధ్యాయినియు, ఖమ్మము అమ్మగారును. ఎవరి తెలుగు ఒప్పు, ఎవరి తెలుగు తప్పు అని తేల్చుపనిలో ఇంత శ్రమపడినవారికి వోటు లేక, మాట ముఖమెఱుఁగని బావమఱఁదికి వోటుండుట యే న్యాయము? కోడు వ్రాయుట గొప్పయే. కాని మా సాధనమునుండి కోడును తీసివేసిన హన్‌స్పెల్ మిగులును. మాటలను తీసివేసిన ఏమియు మిగులదు.

ఖమ్మము అమ్మగారి పేరు చేర్చుదమన్నప్పుడు, వారి ఫోను భర్తగారి పేర నున్నది కావున వారి బదులు భర్తగారి పేరే వ్రాసిన కాగితములు సులభమగునని ఇంకొకరు సూచించిరి. ఈ మాట వారి చెవిని పడెను. వారు కోపపడలేదు. “ఆయనకు ఱ అక్షరం ఎక్కడ వస్తుందో తెలియదండీ. నా ఆధార్ నాకుంది, పాన్ కార్డు నాకుంది. సంతకం నేనే పెడతాను. అయితే లెక్కలు నాకు కూడా చూపిస్తారా?” అని యడిగిరి. ఎనిమిదేండ్లుగా దినమునకు వందకు తగ్గకుండ మాటలు దిద్దుచున్న మనిషి మొదటిసారి యడిగిన ప్రశ్న యది. గౌరవసభ్యులైనయెడల ఆ ప్రశ్న నడుగు హక్కు వారికి ఉండెడిది కాదు. ఆ దినముతో మాస్టారి ప్రతిఘటన సడలెను. అడుగువారున్న సంఘమునకు చెదలు పట్టదని వారనలేదు గాని, నియమావళి ముసాయిదాను తామే వ్రాసెదమనిరి.

వారు వ్రాసినది నాలుగు పుటలు. సంఘము మూఁడింటిని మాత్రమే పట్టుకొనియుండును: పేరు, ధనము, తాళములు. ఏ మాట ఒప్పు, ఏ కోడు మేలు అను నిర్ణయము పని చేయువారు కూడి మాట్లాడుకొనుటవలననే జరుగవలెను. సంవత్సరములో ఒక్క దినమైనను పని చేయనివారికి ఆ యేఁట వోటు లేదు. ఏ విరాళమును షరతుతో పుచ్చుకొనరాదు. సంఘమును మూసివేసినయెడల మిగిలినది సభ్యులు పంచుకొనక ఇట్టి పనియే చేయు మఱొక సంఘమునకు ఇయ్యవలెను. చట్టముయొక్క భావమును అదియే. భాష విషయమున ఇరువది మార్పులు జరిగినవి, విషయమున రెండు.

పాఠ్యపుస్తకములవారికి ఉత్తరము వ్రాసితిమి. వారి రెండు లక్షలకు ఒక చిన్న కోరిక తగిలియుండెను: ప్రతి క్రొత్త కూర్పును లోకమునకంటె ఆఱు నెలలు ముందుగా తమకు ఇయ్యవలెనఁట. అది కుదరదని, ఊరక ఇచ్చినయెడల సంఘము పుట్టిన పిమ్మట రసీదు ఇచ్చి పుచ్చుకొందుమని తెలిపితిమి. వారినుండి జవాబు రాలేదు. ఆ ధనము రాకున్నను పని నిలువదు. సర్వరు అద్దెను ఎనమండుగురము సమముగా పంచుకొంటిమి.

చేవ్రాలు చేయువారు ఏడుగురు కాదు, ఎనమండుగురు. సంఘపు కార్యాలయము తెనాలిలో మాస్టారి యిల్లు. ఇంటిపన్ను రసీదు అమ్మగారి పేర నుండుటచే వారి యంగీకారపత్రమును కావలసివచ్చెను. గోడకు మేకులు కొట్టి బోర్డు కట్టకుండుటను షరతుగా పెట్టి వారు చేవ్రాలు చేసిరి. దరఖాస్తు ఈ నెలలో గుంటూరు చేరును. అంతవఱకు తాళములు ఒక్కని చేతిలో నుండరాదని పాస్‌వర్డులను కాగితముపై వ్రాసి, మూఁడు కవరులలో పెట్టి, లక్కముద్ర వేసి, తెనాలికి, ఖమ్మమునకు, నల్లగొండకు రిజిస్టర్డు తపాలాలో పంపితిమి. రెండు చేరినట్లు తెలిసినది. నల్లగొండది ఇంకను దారిలో నున్నది.